జర గాలి రానియ్యి

మా టవర్‌లో అంతస్తులు తుడిచిన ఆమె లాకరు ఖాళీ చేసే పని నా మీద పడింది. ఇద్దరిదీ ఒకే గల్లీ కదా అన్నారు మా ఆఫీసులో. ఛత్రినాక నుంచి పొద్దున్నే రెండు బస్సులు మారి ఊరి అవతలి కొసన ఉన్న ఈ టవర్‌కి పనికొచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, వాళ్లలో కుర్చీలో కూర్చునే ఉద్యోగం నా ఒక్కడిదే. టవర్ నిర్వహణ ఆఫీసులో గుమస్తాని. బల్బు మాడినా, నల్లా కారినా, లిఫ్టు మొరాయించినా ముందు మోగేది నా ఫోనే. మనిషి పోయినా అంతేనని ఆ రోజు తెలిసింది.

లాకర్లు మూడో బేస్‌మెంటులో, నీళ్ల పంపుల గది పక్కన ఉంటాయి. తాళంచెవి దొరక్కపోతే సెక్యూరిటీ అతను ఇనుపకడ్డీతో ఒక్క పీకు పీకాడు. లోపల ఒక స్టీలు టిఫిను డబ్బా, పళ్లు విరిగిన దువ్వెన, మోకాళ్లకు రాసుకునే మందు, మడతపెట్టిన నేత చీర, కాగితంలో చుట్టిన పసుపు ఉన్నాయి. వాటి వెనకాల అరచేయంత చెక్కముక్క ఒకటి ఉంది.

"యే క్యా హై సాబ్? ఫేంక్ దూఁ?" అన్నాడతను, పారెయ్యనా అన్నట్టు దాన్ని ఊపుతూ.

నాకు ఒళ్లు మండింది. పాపం అతని తప్పేం లేదు, బీహారు నుంచి కొత్తగా వచ్చాడు, ఆమె ఎవరో కూడా సరిగా తెలీదు. ముక్క లాక్కుని జేబులో వేసుకున్నాను. మిగతావి సంచిలో సర్ది ఆమె బిడ్డకి ఇవ్వడానికి పక్కన పెట్టాను.

అది సెంట్రింగు చెక్క. ఈ టవర్ కట్టేటప్పుడు స్లాబు కింద పరిచిన పలకల్లోంచి విరిగిన ముక్క. ఒక కొస మందం, ఇంకో కొస పల్చన. తలుపు కింద దూర్చి కాలితో ఒక్క తన్ను తంతే ఇక ఆ తలుపు మూసుకోదు.

మా టవర్‌లో తలుపులన్నీ వాటంతటవే మూసుకుంటాయి. ఆ సంగతి చెబితే తప్ప ఆమె సంగతి అర్థం కాదు. అడుగున బేస్‌మెంట్లు, వాటి మీద మాల్, ఆ పైన సినిమా హాళ్లు, నడుమ ఆఫీసులు, అన్నిటికన్నా పైన ఇళ్లు. పైన కాపురముండి, నడుమ ఉద్యోగం చేసి, కిందికి దిగి కూరగాయలు కొనుక్కునేవాళ్లు ఉన్నారు. రోజుల తరబడి బయట కాలు పెట్టకుండా హాయిగా బతకొచ్చని ఇళ్లు అమ్మేటప్పుడు గొప్పగా చెప్పుకున్నారు. జైల్లో కూడా బతకొచ్చు. కిటికీ అన్నది ఒక్కటీ లేదు, ఉన్నవన్నీ అద్దపు గోడలు. మిషన్ ఎంత గాలి ఇస్తే అంతే పీల్చుకోవాలి. పదేళ్లు పైబడి పనిచేస్తున్నాను కాబట్టి నాకు అలవాటైపోయింది. ఆమెకి మాత్రం చివరిదాకా అలవాటు కాలేదు.

ఏ అంతస్తు తుడుస్తుంటే ఆ అంతస్తు మెట్ల తలుపు కింద ఆ చెక్క పెట్టేసేది. నిప్పంటుకుంటే పొగ మెట్లలోకి రాకుండా ఆ తలుపులు మూసే ఉండాలని నియమం. మంచి నియమమే, కాదనను. కెమెరాలో చూసి కంట్రోల్ రూమువాళ్లు వాకీటాకీలో అరిచేవాళ్లు. సూపర్‌వైజర్ కుర్రాడు రొప్పుతూ వచ్చేవాడు.

"అమ్మా, ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

"జర గాలి రానియ్యి బిడ్డా."

"ఏసీల గాలే వస్తది గదా."

"గది గాలి గాదు, సల్లదనం."

అడ్డొచ్చింది హిందీవాడైతే "జర హవా ఆనే దో" అనేది. మాట మారేది గానీ గొంతు మారేది కాదు. చెక్క తీసి కొంగులో పెట్టుకునేది, అతను మలుపు తిరగ్గానే మళ్లీ పెట్టేది. ఆమె జీతంలో ఒకటి రెండుసార్లు కోత కూడా పడింది. నోరెత్తి అడగలేదు, చెక్కా మానలేదు.

పొట్టి మనిషి, వెడల్పాటి మొహం, ఆ మొహానికి సరిపోయేంత బొట్టు. చీర మీద కంపెనీవాళ్లు ఇచ్చిన బూడిదరంగు కోటు. మెళ్లో బ్యాడ్జీ ఎప్పుడూ తిరగేసి ఉండేది. ఎందుకక్కా అంటే, "గా ఫొటోల ఠాణాల కూసున్నట్టున్న, ఎందుకు సూపెట్టాలె?" అనేది. నిజం చెప్పాలంటే ఫొటోలో ఆమె అలాగే ఉంది. అందరం అలాగే ఉన్నాం.

బస్సులో నేను ఆమెకి తమ్మిని. శాలిబండ దాటేలోగా గల్లీ కబుర్లన్నీ నా చెవిలో పోసేది. ఎవరి కోడలు అలిగి పోయింది, ఎవరి ఆటోకి చలానా పడింది, నల్లా నీళ్ల దగ్గర ఎవరెవరికి లొల్లయింది. నేను కునుకు తీద్దామనుకుంటే మోచేత్తో పొడిచేది. టవర్ గేటు దగ్గర బ్యాగులు తనిఖీ చేసే చోటు దాటగానే అదే మనిషి నన్ను "సార్" అనేది. నాకు మహా ఇబ్బందిగా ఉండేది. "అక్కా, నన్నెందుకు సార్ అంటవ్?" అని ఒకసారి విసుక్కుంటే, "గీడ నువ్వు గూడ వేరే మనిషివే అయితవ్, నీకు ఎరుకలేదు" అంది. 

పై అంతస్తుల్లో అద్దాలు తుడవడం పడితే ఆమెకి పండగే. తుడిచాక అద్దానికి అరచెయ్యి ఆనించి తూర్పు దక్షిణాల నడుమకి చూసేది. "గా దిక్కే మన ఛత్రినాక." ఆ దిక్కున దుమ్ము తప్ప ఏమీ కనపడదు, పాతబస్తీ అక్కడికి ఎంత దూరం. కానీ ఆమె వర్ణన మాత్రం ఆగేది కాదు. "గో, మా పక్కింటామె మిద్దె మీద మిరపకాయలు ఎండవోస్తున్నది. జల్ది ఎత్తుకోవాలె, వాన మబ్బు వట్టింది." ఆఫీసు పిల్లలు ల్యాప్‌టాపులు వదిలేసి నవ్వుతూ వచ్చి అడిగేవాళ్లు, మా ఇల్లు కనపడుతుందా అని. అందరి ఇళ్లూ కనపడేవి ఆమెకి. ఇంత పచ్చిగా, ఇంత ఇష్టంగా అబద్ధాలాడే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఇంత ఎత్తుకి ఆమె ఎలా వచ్చేదంటే, మెట్లెక్కి. లిఫ్టంటే ఆమెకి చచ్చే భయం. మోకాళ్లు పట్టుకుని, మలుపు మలుపు దగ్గర కూలబడి లేస్తూ ఎక్కేది గానీ లిఫ్టులో కాలు పెట్టేది కాదు. ఎప్పుడన్నా తప్పనిసరైతే కళ్లు గట్టిగా మూసుకుని లోలోపల ఏదో గొణుక్కునేది. దేవుడి పేర్లనుకునేవాణ్ణి.

ఇంటి దగ్గరా అంతే. వాళ్లది ఒకే గది, ఆమె మాటలో ఒకే అర్ర. తలుపుకి ఎప్పుడూ రాయి అడ్డం ఉండేది, మంచం సగం గదిలో సగం గల్లీలో ఉండేది. వానొస్తే కాళ్లు తడిసేవి, మంచం మాత్రం లోపలికి జరిగేది కాదు. "దొంగలొస్తే?" అని బిడ్డ మొత్తుకునేది. "రానియ్యి, వాళ్లకు గూడ గాలి తాకుతది" అనేది తల్లి. ఆ బిడ్డ చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద టిఫిను బండి నడుపుతోంది. చేతికింద మనిషి లేక సతమతమవుతోంది. అమ్మా, ఆ టవర్ పని ఇడిసిపెట్టు, బండి కాడ కూసుండి గల్లపెట్టె జూస్కో చాలు అని ఏళ్ల తరబడి బతిమాలుతోంది. ఆరుబయట పని, పక్కనే మనుషులు, నోరారా మాటలు. ఈమెకి అంతకంటే కావలసిందేముంది? అయినా కదిలేది కాదు. గాలి గాలి అని కొట్టుకుపోయే మనిషి ఆ అద్దాల డబ్బాని ఎందుకు వదలదో నాకూ అర్థమయ్యేది కాదు. ఒకరోజు బస్సులో అడిగేశాను.

"ఇడిసిపెట్టి యాడికి పోవాలె తమ్మీ? తల్లి ఆడ ఉన్నది" అంది.

తల్లి అంటే మైసమ్మ. మూడో బేస్‌మెంటులో, లాకర్లకి అవతల, స్తంభం మూలన ఒక రాయి ఉండేది. మోకాలెత్తు, పసుపు, కుంకుమ, రెండు నిమ్మకాయలు. పొద్దున్న పని మొదలయ్యే ముందు ఆమె అక్కడ చెంబుడు నీళ్లు పోసి వచ్చేది. ఎవరో కూలీలు పెట్టి ఉంటారనుకునేవాణ్ణి. ఎవరో కాదు, ఆమే.

ఈ టవర్‌కి గొయ్యి తవ్వేటప్పుడు ఆమె మట్టిపనికి వచ్చిందట. మేస్త్రీ గల్లీ మనుషులనే తీసుకెళ్లాడు. భూమి తవ్వే ముందు అమ్మని నిలబెట్టాలి. ఇంజనీరు మంచివాడే, గేటు పక్కన వేపచెట్టు కింద పెట్టుకోండమ్మా అన్నాడు. ఈమె వినలేదు. గడ్డపార మొదటి పోటు ఎక్కడ దిగితే అమ్మ అక్కడే నిలబడాలని తన అత్త చెప్పిందట. తండ్లాడి, మేస్త్రీని ఒప్పించి, పోటు దిగిన చోటనే తన చేత్తో రాయి నిలబెట్టింది. వాళ్లు అప్పటిదాకా పనిచేసినవి రెండంతస్తుల ఇళ్లు, మహా అయితే మూడు. పునాది పక్కన అమ్మ, అమ్మ పక్కన ఇల్లు, రెండిటి మీదా ఎండ.

"నిలవెట్టిననాడు నెత్తి మీద మొగులున్నది తమ్మీ. గీ గుంత గింత లోతుకు పోతదని, దాని మీద గిన్ని అంతస్తులు లేస్తయని నాకేమెరుక? స్లాబ్ ఏసిననాడు నేను కిందనే ఉన్న. ఎలుగు జర్ర జర్ర వోయింది. ఆఖరి పలక పెట్టినంక తల్లి మొకం గూడ కనవడలె. గేటు కాడ పెట్టమన్నడు గా సారు. నేనే ఇనకపోతి. నేనే తెచ్చి లోపలేసిన."

ఆ చెక్కముక్క ఆ స్లాబుదే. పలకలు ఊడదీసిన రోజు ఏరుకుందట.

లేపి తీసుకెళ్లి బయట పెట్టెయ్యొచ్చు కదా అన్నాను. అలా కుదరదంది. నిలబెట్టిన చెయ్యే లేపాలి, జాగా ఉన్నవాళ్లు సెలవివ్వాలి. మారిన ప్రతి మేనేజర్‌నీ అడిగింది. అందరూ చూద్దాం అన్నారు. "తల్లి మొగులు కిందికొచ్చిననాడు గీ బిల్ల మెడల కెల్లి తీసి నీ బల్ల మీద పడేస్త. మా బిడ్డ బండి కాడికి పోత" అనేది నాతో, బ్యాడ్జీ పట్టుకుని ఊపుతూ. అదొక్కటే ఆమె కోరిక. అమ్మని బయటికి, ఆకాశం కిందికి తేవాలి, తను బయటికి పోవాలి.

రెండేళ్ల కింద ఆషాఢంలో, మా గల్లీ బోనాలకి ముందు ఆదివారం, ఆ రాయికి బోనం ఎత్తుతానని పట్టుపట్టింది. అప్పటికి కొత్త మేనేజర్ వచ్చి ఉన్నాడు. కోస్తా వైపు మనిషి, మెత్తటివాడు, భయస్తుడు. బేస్‌మెంటులో దీపమా, వీల్లేదన్నాడు. ఈమె రోజూ పొద్దున్నే అతని గది ముందు చీపురు పట్టుకుని నిలబడేది, అంతే, ఏమీ అనేది కాదు. నాలుగు రోజులకి దిగొచ్చాడు. తను దగ్గరుండాలి, చేతిలో మంటలార్పే సిలిండర్ ఉండాలి, పది నిమిషాల్లో అయిపోవాలి.

ఆ రోజు మెట్లకి రంగులు వేస్తున్నారు. ఆదివారం కాబట్టి ర్యాంపు నిండా మాల్‌కి వచ్చే కార్లు. మిగిలింది సామాన్ల లిఫ్టు. ఆమె లిఫ్టు వైపు ఒకసారి చూసింది, నా వైపు ఒకసారి చూసింది. పసుపు రాసిన కాళ్లు, నేత చీర, నెత్తిన బోనం, బోనం మీద వేపమండలు, పైన దీపం. చేతిలో సాంబ్రాణి పొగ. మేనేజర్ ఎర్ర సిలిండర్‌ని చంటిపిల్లలా ఎత్తుకున్నాడు. అమ్మ ముందు పోసే సాక నీళ్ల చెంబు నాకిచ్చారు. ముగ్గురం ఎక్కాం.

ఒక అంతస్తు దిగామో లేదో, ఎక్కడో గంట మోగింది. సాంబ్రాణి పొగ లిఫ్టు సందుల్లోంచి పోయి బయట సెన్సర్‌కి తగిలింది. నియమం ప్రకారం అలాంటప్పుడు లిఫ్టు నేల అంతస్తుకి పోయి తెరుచుకోవాలి. మాది ఒక కుదుపు కుదిపి, రెండు బేస్‌మెంట్ల మధ్య ఆగిపోయింది. పెద్ద లైటు ఆరి చిన్నది వెలిగింది. ఫోన్లకి సిగ్నల్ లేదు. లోపలి బటన్ నొక్కితే, మెకానిక్ ఆదివారం కాబట్టి బయట నుంచి రావాలి, ఓపిక పట్టండి అని గొంతు వచ్చింది. పైన మాత్రం మాల్ మొత్తం ఖాళీ చేయించారట. పై ఇళ్లవాళ్లు నిక్కర్లలో, కుక్కల్ని చంకన పెట్టుకుని రోడ్డు మీద నిలబడ్డారట. అదంతా తర్వాత తెలిసి నవ్వుకున్నాం.

అప్పుడు నవ్వు రాలేదు. ముందు మేనేజర్ టై వదులు చేసుకున్నాడు. తర్వాత చొక్కా గుండీలు. తర్వాత సిలిండర్ కింద పెట్టి తనూ గోడకి జారి కూర్చున్నాడు. మొహం పాలిపోయింది.

"గాలి ఆడట్లేదండీ" అన్నాడు నాతో.

లిఫ్టుకి పైన రంధ్రాలుంటాయి, గాలికేం లోటు లేదు సార్ అన్నాను. నా మాట నాకే నమ్మకంగా వినపడలేదు.

"ఆ దీపం ఆర్పెయ్యమ్మా. ఉన్న కాస్త గాలీ అదే తినేస్తోంది. ఆ కుండ కూడా కింద పెట్టెయ్యి, మెడ విరిగిపోద్ది."

ఆమె సాంబ్రాణి మాత్రం ఆర్పింది, నా చెంబులో నీళ్లతో. మెడ కదపకుండా, కళ్లు మూసుకునే చెప్పింది. "ఎత్తిన బోనం తల్లి ముందటనే దించాలె సారూ. దీపం ఆర్పొద్దు. నేను తక్కువ గాలి వీల్చుకుంట."

అతను ఏడ్చాడు. చదువుకున్నవాడు, కోటు వేసుకునేవాడు, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడుస్తుంటే నాకు ఎటు చూడాలో తెలియలేదు. ఆమె పెదాలు కదులుతున్నాయి. లిఫ్టెక్కినప్పుడల్లా గొణిగే గొణుగుడే అది. ఈసారి గొంతు పెంచింది.

"సారూ, కండ్లు మూస్కోండ్రి. నా ఎంబడి నడువుండ్రి. గిదే మా గల్లీ. తలుపు తీసే ఉన్నది, గడప దాటినం. ఎడమ దిక్కు పిండి గిర్నీ. గిర్నాయన మొకం నిండ పిండే, నవ్వుతున్నడు. మోరీ ఉన్నది, పెద్దడుగెయ్యుండ్రి. గిది సైకిల్ దుకాణం. భాయ్ పంచరేస్తున్నడు, సలాం భాయ్. గిది చర్చి గోడ, దీని నీడల జర సల్లగుంటది. గాలి దాకుతున్నదా సారూ?"

అవి దేవుడి పేర్లు కావు. మా గల్లీ. నేను పుట్టి పెరిగిన గల్లీ. ఇన్నేళ్లూ లిఫ్టులో ఆమె కళ్లు మూసుకుని ఇంటి దారి నడుస్తోందన్నమాట.

ఉన్నచోటే అడుగు మార్చి అడుగు వేస్తోంది, డప్పు వింటున్నట్టు. బోనం కదలడం లేదు. ఇస్త్రీ బండి దాటించింది, పూలమ్మే ముసలామెతో బేరమాడింది, ఆటోలకి పక్కకి జరిపింది. మేనేజర్ తల ఎత్తి, కళ్లు మూసుకునే అడిగాడు.

"గుడి ఇంకెంత దూరం అమ్మా?"

ఆమె ఆగింది. "గుడి రాదు సారూ. రోజు గీడికే వచ్చి ఆగుత. తల్లి ఆడ లేదు గదా, కింద ఉన్నది. పాండ్రి, ఇంకో సందుల కెల్లి పోదాం."

అలా ఎన్ని సందులు తిప్పిందో. పాతబస్తీలో సందులకేం తక్కువ. శాలిబండ దాకా తీసుకెళ్లి మళ్లీ వెనక్కి తెచ్చింది. నడిచి నడిచి ఒకచోట ఆమె గొంతు పట్టేసింది. అప్పుడంది, ఎవరి వైపూ చూడకుండా.

"మీకు గింత సేపటికే గిట్లయితున్నది సారూ. గా తల్లికి ఎట్లుండాలె?"

మెకానిక్ వచ్చి తలుపు విడదీసేసరికి దీపంలో నూనె అడుగంటింది. లిఫ్టు నేల, బేస్‌మెంటు నేలకి నడుమెత్తు పైన ఆగి ఉంది. కుండ ఇటివ్వమ్మా అని మెకానిక్ చేతులు చాచాడు. ఆమె ఇవ్వలేదు. మేనేజర్ ముందు కిందికి దూకి, పెయింటర్ల స్టూలు ఒకటి ఈడ్చుకొచ్చి వేసి, అది ఊగకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. ఆమె దాని మీద కాలు పెట్టి దిగింది. ర్యాంపు మీదుగా మూడో బేస్‌మెంటుకి నడిచి, స్తంభం మూలన బోనం దించింది. దించాక ఆమె చేతులు కిందికి రాలేదు, అలా పైనే బిగుసుకుపోయాయి. నేనే పట్టి దించాను.

"అమ్మవారిని పైకి తీసుకొచ్చేద్దాం అమ్మా. నాదీ పూచీ" అన్నాడు మేనేజర్.

అతను మాట నిలబెట్టుకున్నాడు. అక్కడే వచ్చింది చిక్కు.

దసరాకల్లా గేటు పక్కన మంటపం లేచింది. నల్ల గ్రానైటు, ఇత్తడి శిఖరం. పై ఇళ్లవాళ్లంతా ఉత్సాహపడి విరాళాలు వేశారు. పంతులు పెట్టిన ముహూర్తం ఆదివారం పడింది, అది ఆమెకి సెలవు దినం, నాకూ సెలవే, నాకూ ఎవరూ చెప్పలేదు. ఆమెని పిలవాలని ఎవరికీ తట్టలేదు. తుడిచే మనిషికి ముహూర్తంతో ఏం పనని అనుకుని ఉంటారు, లేదా అసలేమీ అనుకుని ఉండరు. జాకీలతో రాయిని లేపి, మంత్రాలతో తెచ్చి పెట్టారు. దుమ్ము పడుతుందని, పావురాలు పాడుచేస్తాయని, మూడు వైపులా గోడ కట్టి ముందు అద్దాల తలుపులు పెట్టారు. వాటంతటవే మూసుకునే తలుపులు. మంగళ, శుక్రవారాలు తెరిచి పూజ, మిగతా రోజులు తాళం.

సోమవారం పొద్దున్న బస్సు దిగి ఇద్దరం గేటు దగ్గరికొచ్చాం. అద్దం వెనకాల అమ్మని చూసి ఆమె నిలబడిపోయింది. మేనేజర్ ఆమె కోసమే కాచుకుని ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది పాపం.

"ఎలా ఉందమ్మా?"

"మంచిగున్నది సారూ" అని దండం పెట్టింది. అతన్ని నొప్పించడం ఆమెకి చేతకాలేదు. అతను వెళ్లాక అద్దానికి అరచెయ్యి ఆనించింది, పై అంతస్తులో ఛత్రినాకని చూసేటప్పటిలా. లోపల అమ్మకి వెండి కళ్లు పెట్టారు. చిన్న దీపాలు రంగులు మారుతున్నాయి.

ఆమె ఇప్పుడు బ్యాడ్జీ తీసి ఇస్తుందని చూశాను. ఇవ్వలేదు. సంచి భుజానికి సర్దుకుని పనికి నడిచింది. నేను వెంటపడ్డాను.

"అక్కా, తల్లి బయటికొచ్చింది గద. ఇంక నువ్వు బండి కాడికి పో."

"బయటికి రాలె తమ్మీ. అర్ర మారింది."

ఆ తర్వాత రోజూ ఆ అద్దం తుడిచే పని అడిగి తీసుకుంది. అంత మెరిసే అద్దం టవర్‌లో ఇంకోటి లేదు. అందరూ మెచ్చుకునేవాళ్లు. నేను మాత్రం అటు చూడకుండా గేటు దాటేవాణ్ణి. చెక్కముక్క ఇంకా వాడేది గానీ మునుపటి జోరు లేదు, ఎవరైనా అరిస్తే వెంటనే తీసేసేది. పై అంతస్తుల అద్దాల్లోంచి ఎవరి ఇల్లు కనపడుతుందో చెప్పడం కూడా మానేసింది. ఆఫీసు పిల్లలు అడిగితే "దుమ్మున్నది బిడ్డా" అనేది. మొదటిసారి నిజం చెప్పింది, నాకది నచ్చలేదు.

ఈ సంవత్సరం మేనేజర్ వేరే ఊరికి మారిపోయాడు. మంటపం తాళాలు నా సొరుగులోకి వచ్చాయి. ఆ సాయంత్రమే బస్టాపులో చెప్పాను.

"అక్కా, చెవులు నా తాన్నే ఉన్నయి. రేపు తలుపు తీస్త, నీ చెక్క పెట్టు."

"వొద్దు తమ్మీ. కంటిరోల్‌ రూమోళ్లు చూస్తరు. నీ నౌకరి వోతది, పిల్లలు సదువుకుంటున్నరు. నేను ఒకసారి మొండికేసి తల్లిని లోపలేసిన. ఇప్పుడు నిన్ను రోడ్డు మీద ఏస్తనా?" అంది. బస్సొచ్చింది. ఎక్కింది. ఆ దారంతా నన్ను మోచేత్తో పొడవలేదు.

ఎండాకాలం చివర్లో ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయింది. నేను వెళ్లేసరికి మంచం సగం గల్లీలోనే ఉంది, తలుపుకి రాయి అడ్డంగానే ఉంది. బిడ్డ నన్ను చూసి, "టవర్ల ఏమన్న సామాను ఉంటే తెచ్చియ్యన్నా" అంది. అందుకే ఆ లాకరు.

సంచి సెక్యూరిటీ అతని చేతికిచ్చి, నా వెంట రమ్మని ర్యాంపు మీదుగా పైకొచ్చాను. సొరుగులోంచి తాళాలు తీసుకుని గేటు దగ్గరికి వెళ్లాను. ఆ రోజు మంగళవారమూ కాదు, శుక్రవారమూ కాదు. తాళం తీసి ఒక అద్దం తలుపు బయటికి లాగి పట్టుకున్నాను. అది నా చేతిని లోపలికి నెడుతూనే ఉంది, మూసుకోవాలని. వంగి కింద చెక్క దూర్చి, ఆమె తన్నినట్టే కాలితో ఒక్క తన్ను తన్నాను. తలుపు ఆగింది.

రోడ్డు మీది దుమ్ము, వేపాకులు, బస్సు హారన్లు లోపలికి వెళ్లాయి. నల్ల గ్రానైటు మీద దుమ్ము పడటం నా కళ్లెదురుగానే కనిపించింది. అమ్మ మెడలోని దండ కదిలింది.

జేబులో ఫోన్ మోగింది. కంట్రోల్ రూము. చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాను. అది మోగుతూనే ఉంది. సెక్యూరిటీ అతను కెమెరా వైపు, నా వైపు బెదురుగా చూశాడు.

"సాబ్, దర్వాజా బంద్ కరూఁ?"

"నక్కో భాయ్" అన్నాను. "జర హవా ఆనే దో."